కావలెను

ఈ ప్రకటన నేను రాయడం ఇది అయిదోసారి.
"ఆక్యుపేషనల్ థెరపిస్టు కావలెను, ఒకరు.
జీతం అర్హతను బట్టి."
అర్హతను బట్టి ఎప్పుడూ ఇవ్వలేదని
టైపు చేసే నా వేళ్లకి తెలుసు.

గుంటూరు కొత్తపేటలో మా ఆసుపత్రి.
మెట్ల కింద సెలైన్ అట్టపెట్టెలు పక్కకి నెట్టి
కెజియాకి ఒక గది ఇచ్చాం.
తలుపు మీద "ఫిజియో - 2" అని రాయించాం.
రెండూ ఒకటి కాదు సార్, అంది
చేరిన మొదటి వారమే.
పెయింటరు వచ్చినప్పుడు మార్పిద్దాంలే అన్నాను.
మూడేళ్లు పెయింటరు రాలేదు.

ఆ గదిలో యంత్రాలేం ఉండేవి కావు.
బట్టల క్లిప్పులు, పళ్లెంలో కందిపప్పు,
ఏ పాత తలుపుకో ఊడదీసిన గడియ,
సైకిలు ట్యూబు చుట్టి లావు చేసిన స్టీలు చెంచా.
ఇండెంటులో "కందిపప్పు అరకిలో" చూసి
అకౌంట్సు వాళ్లు వారం రోజులు నవ్వుకున్నారు.
నేనూ నవ్వాను.

మిర్చి యార్డు హమాలీ నాగూర్ మీరా
కుడిచెయ్యి పడిపోయి వచ్చాడు.
నలభై కిలోల టిక్కీని పూచికపుల్లలా వీపుకెత్తుకున్న చెయ్యి
చొక్కా బొత్తాం ముందు ఓడిపోయింది.
కెజియా బొత్తాం పెట్టలేదు.
వాళ్లావిడ షంషాద్ చెయ్యి చాస్తే
ఆ చేతిని మెల్లగా పట్టుకుని ఆపేసింది.
ఎదురుగా స్టూలేసుకుని కూర్చుంది.

సాయం చెయ్యకుండా కూర్చోవడం ఎంత కష్టమైన పనో
అద్దాల కిటికీలోంచి చూస్తున్న నాకు తెలియలేదు.
"పని వేళల్లో ఖాళీగా కూర్చుంటున్నారు" అని
ఎవరో రాసిన మెమో మీద
సంతకం మాత్రం నాది.

నలభై నిమిషాలు. ఒక్క బొత్తాం.
అదీ ఒక కాజా తప్పి, ఎగుడుదిగుడుగా.
మీరా నవ్వాడు, మూతి ఇంకా ఓ పక్కకే ఉంది.
షంషాద్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.
మా బిల్లింగ్ కంప్యూటర్లో దానికి కోడ్ లేదు.

మనుషులు వెళ్లిపోకుండా మేమూ ఏదో చేస్తాం.
పుట్టినరోజుకి కేకు.
లిఫ్టు పక్కన ఈ నెల ఉత్తముడి ఫొటో.
రెండేళ్ల బాండు.
ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇనప బీరువాలో,
తాళంచెవి నా మొలతాడుకి.
ఆమె ఓసారి మీరా చేతిలో ఉడకబెట్టిన గుడ్డు పెట్టి
"పిసికితే చితుకుతుంది మామా, వదిలేస్తే జారుతుంది,
పట్టంటే ఈ రెంటికీ మధ్య" అనడం విన్నాను.
నాకేమీ తట్టలేదప్పుడు.
టీ తాగడానికి వెళ్లిపోయాను.

రాజీనామా ఫారంలో నాలుగు గళ్లు:
పెళ్లి, పైచదువు, మెరుగైన అవకాశం, ఇతరములు.
నాలుగో గడిలో ఆమె రెండే ముక్కలు రాసింది:
"తలుపు మీది పేరు."
మంగళగిరిలో పిల్లల కేంద్రమట. జీతం రెండు వేలు తక్కువట.
తక్కువకి వెళ్తావా అమ్మా, అంటే
"అక్కడ నన్నేమని పిలుస్తారో ముందే అడిగాను సార్."
బీరువా తీసి సర్టిఫికెట్లు ఇస్తుంటే
తాళం నాకే రెండుసార్లు తిరగలేదు.

ఇవాళ మంగళవారం. తెలియక మీరా వచ్చాడు.
గదిలోకి మళ్లీ సెలైన్ పెట్టెలు చేరాయి.
మెట్ల మీదే కూర్చుని, జేబులోంచి క్లిప్పు తీసి
లుంగీ అంచుకి పెట్టుకుంటూ, జారితే మళ్లీ పెట్టుకుంటూ.
వంగి అందించబోయాను.
ఎడంచెయ్యి ఎత్తి, ఉండండన్నాడు.
ఉన్నాను. అరగంట ఉన్నాను.
అరచేతులు తొడల కింద పెట్టుకుంటే గానీ
ఉండలేకపోయాను.

"అర్హతను బట్టి" కొట్టేసి అంకె రాశాను.
ఎండీ గారు దాన్ని ఉంచుతారో లేదో.
పెయింటరుకి ఫోన్ చేశాను.
మనిషి లేని గదికి పేరెందుకు సార్, అంటాడు.
అక్షరానికింతని
బేరమాడుతున్నాం.